ఓటు లేనివాళ్ల అభ్యర్థి

మొదటిసారి ఓడిపోయానన్న కబురు తెలిసినప్పుడు నేను ఒక కల్వర్టు నోట్లో మోకాళ్ల మీద ఉన్నాను. లోపల పూడిక ఎంతుందో కర్రతో కొలుస్తున్నాం. జేబులో ఫోన్ మోగింది. చేతినిండా బురద, తీయలేదు. పైకొచ్చి గ్లవ్స్ విప్పి చూస్తే మా వృత్తి సంఘం నుంచి మెయిల్. పోటీ చేసినందుకు ధన్యవాదాలు, ఈసారి ఎన్నికైన డైరెక్టర్ల పేర్లు కింద ఉన్నాయి అని. కింద నా పేరు లేదు. కర్ర పట్టుకున్న కుర్రాడు "ఏంటండీ, ఏమైనా ప్రాబ్లమా?" అన్నాడు. "ఏం లేదు, లోతెంత వచ్చింది?" అన్నాను. పైపు ఎత్తులో మూడో వంతు పూడిపోయింది. ఆ రోజు నోట్‌బుక్‌లో రాసుకున్నది అదొక్కటే.

నేను పనిచేసేది వాననీటి విభాగంలో. తాగునీటి వాళ్లకు, మురుగునీటి వాళ్లకు ఉన్నంత పేరు మాకుండదు. వాన పడనన్నాళ్లూ మేమున్నామని ఎవరికీ గుర్తు రాదు, పడిన రోజున అందరి ఫోన్లూ మాకే. ఈ రంగంలో ఉన్నవాళ్లంతా కలిసి నడుపుకునే సంఘం ఒకటుంది. పురపాలక ఇంజనీర్లు, కన్సల్టెంట్లు, వాననీటిని వడగట్టే పరికరాలు అమ్మే కంపెనీల వాళ్లు, ప్రొఫెసర్లు, తనిఖీ సిబ్బంది అందరూ అందులో ఉంటారు. నియంత్రణ సంస్థల అధికారులు కూడా వస్తారు గానీ వాళ్లకు ఓటుండదు, వాననీటిని బయటికి వదలడానికి మాకు పర్మిట్లు ఇచ్చేది వాళ్లే కాబట్టి. ఏడాదికో సదస్సు, నాలుగైదు శిక్షణలు, కొత్త నిబంధనల ముసాయిదా బయటికొస్తే సంఘం తరఫున అభ్యంతరాలు రాసి పంపడం, ఇవీ పనులు. నడిపేది పదకొండు మంది బోర్డు.

నిజం చెప్పాలంటే బోర్డు మీదికి నా మనసు పోయింది ఒక కోపం వల్ల. ఒక సదస్సులో వాననీటి తోటల మీద ప్రసంగం జరుగుతోంది. రోడ్డు పక్కన పల్లంగా చేసి, ఇసుక కలిపిన మట్టి పోసి, మొక్కలు పెట్టి, రోడ్డు మీది నీళ్లు అందులోకి మళ్లించి ఇంకేలా చేసే ఏర్పాటు అది. అమెరికాలో మేరీలాండ్ రాష్ట్రంలోని ప్రిన్స్ జార్జెస్ కౌంటీలో 1990ల మొదట్లో రూపుదిద్దుకుని, అక్కడి నుంచి అన్ని చోట్లకూ పాకింది. స్లైడ్లు కళ్లు చెదిరేలా ఉన్నాయి. చివర్లో నేను లేచి, వీటిని శుభ్రం చేసేదెవరు, ఎన్నాళ్లకోసారి చెయ్యాలి అని అడిగాను. "మెయింటెనెన్స్ క్లయింట్ చూసుకుంటారు" అని తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోయారు. నా పక్కన మా పూడికతీత బృందం మేస్త్రీ కూర్చున్నాడు. ఎంతో బతిమాలి ఆఫీసును ఒప్పించి తీసుకొచ్చాను, అదే అతని మొదటి సదస్సు. అతను నవ్వి, "ఆ క్లయింట్ మనమేనండీ" అన్నాడు.

ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది. ఒక హెక్టారు స్థలం మీద 25 మిల్లీమీటర్ల వాన పడితే 250 ఘనపు మీటర్ల నీళ్లు, అంటే రెండున్నర లక్షల లీటర్లు. అంత నీటికీ లోపలికి దారి రోడ్డు అంచున అడుగున్నర వెడల్పు గండి. ఆ గండి దగ్గర రెండు గుప్పెళ్ల ఎండుటాకులు అడ్డం పడితే చాలు, నీళ్లు తోటను పలకరించకుండానే పక్కనుంచి వెళ్లిపోతాయి. డిజైన్ చేసినవాళ్ల లెక్క కాగితం మీద తప్పేం కాదు. ఆకులు తీసే మనిషి ఆ లెక్కలో లేడు, అంతే. మా బోర్డులో కూడా లేడు. పదకొండు మందిలో ఏ ఒక్కరూ ఎప్పుడూ మ్యాన్‌హోల్‌లోకి దిగినవాళ్లు కారు.

సరే, నేనే నిలబడతానని అనుకున్నాను.

నామినేషన్లకు పిలుపు సదస్సుకు నాలుగు నెలల ముందు వస్తుంది. అర్హతలు పెద్దవేం కావు. మూడేళ్ల సభ్యత్వం, బకాయిలు లేకపోవడం, ఏదో ఒక కమిటీలో పనిచేసి ఉండటం. వీటికి తోడు ఇద్దరు సభ్యుల బలపరుపు, పనిచేసే చోటి నుంచి అనుమతి లేఖ, మూడు వందల పదాలకు మించని అభ్యర్థి ప్రకటన, ప్రయోజనాల సంఘర్షణ ఏమైనా ఉంటే వెల్లడించే ఫారం. నామినేషన్ కమిటీ వీటిని చూసి, అభ్యర్థులతో మాట్లాడి, ఎవరెవరి పేర్లు బ్యాలెట్ మీదికి వెళ్లాలో తేలుస్తుంది. నేను అన్నీ ఒక్క సాయంత్రంలో నింపేశాను. ఉద్యోగం దరఖాస్తు కంటే తేలికే అనిపించింది. అక్కడే తప్పులో కాలేశాను.

నా ప్రకటన ఇప్పుడు చదివితే చెమటలు పడతాయి. మొదటి పేరా అంతా రేషనల్ సూత్రం, అంటే వాన జోరును, నేల తీరును, విస్తీర్ణాన్ని బట్టి ఎంత నీరు పారుతుందో కట్టే లెక్క. ఐర్లండ్‌లో మల్వనీ అనే ఇంజనీరు 19వ శతాబ్దం నడుమ చెప్పినదాన్ని 1889లో కైచ్లింగ్ అనే అమెరికన్ ఇంజనీరు మురుగు కాలువలకు ఎలా అన్వయించాడో, నూట ముప్పై ఏళ్లు దాటినా మనం ఇంకా అదే ఎందుకు వాడుతున్నామో రాశాను. సూత్రం నాకు ప్రాణం, ఏం చెయ్యను! గంటకు 60 మిల్లీమీటర్ల వాన ఒక హెక్టారు కప్పుల మీద పడితే సెకనుకు 150 లీటర్ల ప్రవాహం వస్తుంది, అదే గడ్డినేల మీదైతే 30 దరిదాపుల్లో ఉంటుంది అని లెక్క కూడా వేసి చూపించాను. ఎవరికి? ఆ లెక్క పొద్దున లేస్తే చేసేవాళ్లకు. రెండో పేరాలో నా కోపం. బోర్డు డిజైనర్ల క్లబ్బుగా మారిందని, క్షేత్రసిబ్బందిని పట్టించుకోవడం లేదని. మూడో పేరాలో నా హామీ: నేను గెలిస్తే క్షేత్రసిబ్బందికి సదస్సు రుసుము సగం చేయిస్తాను.

మూడు ఖాళీలకు అయిదుగురం పోటీ చేశాం. నేను నాలుగో స్థానంలో నిలిచానని తర్వాత తెలిసింది.

ఓడిన వారం రోజులకు ఒక ఫోన్ వచ్చింది. చాలా ఏళ్లు సంఘం కోశాధికారిగా చేసి దిగిపోయిన ఆవిడ. నాకు పెద్దగా పరిచయం లేదు. "మీ స్టేట్‌మెంట్ రెండుసార్లు చదివానండీ" అన్నారు. ఓదారుస్తారేమో అనుకున్నాను. "రుసుము సగం చేయిస్తానన్నారు కదా, ఆ తగ్గిన సగం ఎక్కణ్ణుంచి తెస్తారు?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. "సంఘం ఆర్థిక నివేదిక ఎప్పుడైనా తెరిచారా? వెబ్‌సైట్‌లోనే ఉంటుంది." తెరవలేదు. ఎనిమిదేళ్లుగా సభ్యత్వం ఉంది, ఒక్కసారీ తెరవలేదు. ఆవిడ ఏమీ అనలేదు గానీ ఆ కాసేపటి మౌనానికే నాకు తల కొట్టేసినట్టయింది.

ఆ రాత్రి తెరిచి చూశాను. సంఘం ఆదాయంలో సగానికి పైగా సదస్సు నుంచే. అందులో పెద్ద వాటా ప్రతినిధుల రుసుములది కూడా కాదు, స్టాళ్లు పెట్టే కంపెనీలది, స్పాన్సర్లది. సదస్సులో పరికరాల ప్రసంగాలు ఎందుకన్ని ఉంటాయో, చీపురు పట్టే పని మీద ఒక్కటీ ఎందుకుండదో ఆ రెండు పేజీల్లో ఉంది. ఎవరి కుట్రా అక్కర్లేదు. పూడికతీతకు స్పాన్సర్ ఉండడు.

ఆవిడ అదే ఫోన్‌లో ఇంకొకటి చెప్పారు. నాకు అసలైన దెబ్బ అది. "మీవాళ్లెవరికీ ఓటు లేదని మీకు తెలుసా?" అన్నారు. తెలియదు. మా సంఘంలో సభ్యత్వం రెండు రకాలు. విడిగా డబ్బు కట్టి చేరినవాళ్లకు తలా ఒక ఓటు. పురపాలక సంస్థలూ కంపెనీలూ కడితే అది సంస్థాగత సభ్యత్వం. ఆ సంస్థలో పనిచేసే అందరికీ సభ్యులకుండే రాయితీలు, శిక్షణలు, అన్నీ వర్తిస్తాయి. ఓటు మాత్రం సంస్థకు ఒక్కటే. అది నమోదైన ప్రతినిధి చేతిలో ఉంటుంది. నేను ఎవరి తరఫున గొంతు చించుకున్నానో ఆ మేస్త్రీలు, పైపుల్లోకి నీళ్లు జోరుగా కొట్టి కడిగే జెట్టింగ్ లారీల డ్రైవర్లు, తనిఖీ కుర్రాళ్లు అందరూ సంస్థాగత సభ్యత్వం కిందే ఉన్నారు. వాళ్లలో నలభై మందికి ఫోన్ చేసి నాకు ఓటెయ్యమన్నాను. అందరూ వేస్తామన్నారు కూడా. ఎవరికీ బ్యాలెట్ రాలేదు. రాలేదని నాకు చెప్పడానికి మొహమాటపడ్డారు.

మా ఆఫీసు ప్రతినిధి ఎవరా అని ఆరా తీశాను. రిటైరై రెండేళ్లయిన ఒక పెద్దాయన. బ్యాలెట్ ఆయన పాత మెయిల్‌కు వెళ్లి, ఎవరూ తెరవని ఆ పెట్టెలో పడి ఉంది. మా సొంత ఆఫీసు ఓటే నాకు పడలేదు.

ఇక్కడ వదిలేసేవాణ్ణేనేమో. ఆవిడే అడిగారు, ఆర్థిక కమిటీలో ఖాళీ ఉంది వస్తారా అని. ఆ కమిటీ అంటే అందరూ పారిపోతారు. సాంకేతిక కమిటీకి పది మంది పోటీ పడితే దీనికి పది సార్లు అడిగినా ఒకరు దొరకరు. చేరాను. మొదటి ఆరు నెలలు నాకు సగం అర్థం కాలేదు. సదస్సుకు ముందే వసూలైన రుసుము చేతిలో ఉన్నా దాన్ని ఆదాయంగా చూపకూడదు, సదస్సు జరిగేదాకా అది మనం బాకీ ఉన్న డబ్బు. ఒక శిక్షణ కోసమని ఎవరైనా ఇచ్చిన గ్రాంటును ఇంకోదానికి వాడకూడదు. ఒక ఏడాది సదస్సు రద్దయితే జీతాలు ఇవ్వడానికి పక్కన పెట్టే నిల్వ ఎన్ని నెలల ఖర్చుకు సరిపోవాలన్న దాని మీద ప్రతిసారీ గొడవే.

హోటల్ ఒప్పందం సంగతి మాత్రం జన్మలో మర్చిపోను. సదస్సు పెట్టాలంటే హాలు కావాలి. హోటల్ వాళ్లు హాలు చవగ్గా ఇస్తారు, బదులుగా ఇన్ని గదులు నిండుతాయని సంఘం హామీ రాయాలి. నిండకపోతే ఆ తేడా సంఘమే కట్టాలి. సభ్యులేమో పక్క వీధిలో ఇంకా చవగ్గా దొరికిందని అక్కడ దిగుతారు. ఆ లెక్క కమిటీలో చూస్తున్నప్పుడు నేను తలెత్తలేదు. వరసగా మూడేళ్లు పక్క వీధి లాడ్జిలో దిగిన ఘనుణ్ణి నేనే. పైగా డబ్బు ఆదా చేశానని ఆఫీసులో గొప్పగా చెప్పుకున్నాను.

రుసుము సగం చేసే మాట అటకెక్కింది. దాని బదులు వేరే దారి చూశాం. క్షేత్రసిబ్బందిని హోటల్‌కు రప్పించే బదులు శిక్షణనే వాళ్ల దగ్గరికి తీసుకెళ్తే? ఒక పురపాలక యార్డులో ఒక రోజు, కుర్చీలు వాళ్లవే, పూడిక పీల్చే సక్షన్ లారీ వాళ్లదే. ఖర్చంతా కలిపి సదస్సులో ఒక పూట టీలకయ్యేంత. ఇది నేను రాసి ఇచ్చిన ఒక పేజీ ప్రతిపాదన. బోర్డు పెద్ద చర్చ లేకుండా ఒప్పుకుంది. ఏ పద్దు కింద ఎంతో అందులో ఉంది మరి.

ఆ రోజు నాకింకా కళ్లకు కట్టినట్టుంది. మేం అనుకున్నదేమంటే, క్యాచ్‌పిట్, అంటే రోడ్డు నీళ్లు పైపులోకి వెళ్లే ముందు పడే గుంత, దాని అడుగున పూడిక ఎంత చేరాక తీయాలి, వాననీటి తోటలో ఏది కలుపు, ఏది నాటిన మొక్క అని వాళ్లకు నేర్పుదామని. డిజైన్ ఆఫీసుల నుంచి ఆరుగురు ఇంజనీర్లు కూడా వచ్చారు, ఆసక్తి కొద్దీ. మధ్యాహ్నం అయ్యేసరికి నేర్పేది ఎవరో, నేర్చుకునేది ఎవరో తారుమారైంది. మా మేస్త్రీ లేచి, "గండి నుంచి తోటలోకి నేల రెండు అంగుళాలైనా కిందికి ఉండాలండీ. మీరు సమానంగా గీస్తారు. మొదటి వానకే అక్కడ ఇసుక మేట వేస్తుంది, దాని మీద గడ్డి మొలుస్తుంది, ఇక నీళ్లు లోపలికి పోవు. మేం ఏడాదికి నాలుగుసార్లు పారతో చెక్కుతున్నాం" అన్నాడు. ఇంకొకతను, చెక్కపొట్టు పరిస్తే అది వానకు తేలి పొంగునీటి జాలీకి అడ్డం పడుతోందని ఫోటోలు చూపించాడు. లారీ డ్రైవరు చెప్పింది ఇంకా అన్యాయం. రోడ్డు కింద పెట్టిన ఒక వడపోత గదిని శుభ్రం చెయ్యాలంటే దాని మూత సరిగ్గా పార్కింగ్ గడుల కింద ఉందట. కార్లు ఖాళీ అయ్యేదాకా అర్ధరాత్రి వరకు కూర్చుంటారట. ఆ గదిని గీసిన సంస్థ ఇంజనీరు ఆ ఆరుగురిలో ఉన్నాడు. అతను ఏమీ సమర్థించుకోలేదు. ఫోన్ తీసి రాసుకున్నాడు. మర్నాడు నాకు మెయిల్ పెట్టాడు, మూతల కొలతలు, లారీ గొట్టం ఎంత దూరం అందుతుందో ఆ లెక్కా కావాలని.

అలాంటివి రెండేళ్లలో అయిదు చేశాం.

మళ్లీ నామినేషన్లు పిలిచారు. ఈసారి ఫారాలు నింపడానికి ఒక సాయంత్రం సరిపోలేదు, ఆరు వారాలు పట్టింది. మొదటి చిక్కు అనుమతి లేఖ. క్రితంసారి మా పై అధికారి చదవకుండా సంతకం పెట్టేశారు. ఈసారి పిలిపించి కూర్చోబెట్టారు. "బోర్డు తరఫున రేపు పర్మిట్ ముసాయిదా మీద అభ్యంతరాలు వెళ్తాయి. అందులో మీ పేరుంటుంది. అది మీ మాటా, మన ఆఫీసు మాటా?" న్యాయమైన ప్రశ్నే. పర్మిట్ కింద ఉన్నది మేమే, రేపు తనిఖీకి వచ్చేది ఆ నియంత్రణ సంస్థే. చివరికి లేఖలో మూడు వాక్యాలు రాయించుకున్నాం. ఏడాదికి నాలుగు సమావేశాలకు ఆఫీసు సమయం ఇస్తుంది, ప్రయాణ ఖర్చు సంఘానిది, అక్కడ చెప్పే అభిప్రాయాలు వ్యక్తిగతం. మా పర్మిట్‌కే సంబంధించిన అంశం వస్తే నేను చర్చలో కూర్చోనని నోటిమాటగా ఒప్పుకున్నాను. దాన్నీ రాసి ఉంటే బాగుండేది, తర్వాత ఒకసారి ఇబ్బంది పడ్డాను.

రెండోది ప్రయోజనాల సంఘర్షణ ఫారం. "ఏమీ లేవు" అని గీత కొట్టబోయి ఆగాను. వడపోత పరికరాల కొనుగోలుకు మా ఆఫీసు పెట్టిన టెండర్ కమిటీలో నేను సభ్యుణ్ణి. ఆ టెండర్‌లో పాల్గొన్న ఒక కంపెనీ మనిషి అప్పటికే బోర్డులో ఉన్నారు. మేమిద్దరం ఒకే బల్ల దగ్గర కూర్చోబోతున్నాం. ఇంకా, ఒకప్పుడు ఒక కంపెనీ శిక్షణలో మాట్లాడి పారితోషికం తీసుకున్నాను, చిన్న మొత్తమే. రెండూ రాశాను. స్నేహితులు కొందరు "ఎందుకు నెత్తికి తెచ్చుకుంటావు?" అన్నారు. నామినేషన్ కమిటీ మాత్రం ఆ ఫారం చూసి ఒక్కటే అడిగింది, అలాంటి అంశం వస్తే గదిలోంచి లేచి వెళ్తారా అని. వెళ్తానన్నాను. అయిపోయింది. దాచి ఉంటే ఎన్నికయ్యాక ఎవరో ఒకరు బయటపెట్టేవాళ్లు, అప్పుడు లేచి వెళ్లడం వేరుగా ఉండేది.

ఇంటర్వ్యూ వీడియో కాల్‌లో అరగంట. బడ్జెట్, సమయం, పని అనుభవం, అన్నీ అనుకున్నవే అడిగారు. ఆఖరి ప్రశ్నకు మాత్రం తడబడ్డాను. "సంఘం ఇప్పుడు చేస్తున్న పనుల్లో మీరు ఆపేసేది ఏది?" కొత్తగా ఏం చేస్తారో చెప్పడానికి అందరం సిద్ధపడి వస్తాం, ఆపేదాని గురించి ఎవరు ఆలోచిస్తారు? కాసేపు ఆగి, అచ్చు వేసి పంపే వార్షిక సంచిక ఆపేస్తానన్నాను. ఎవరూ చదవరని నాకు తెలుసు, ఖర్చెంతో ఆర్థిక కమిటీలో చూశాను. స్క్రీన్ మీద ఒకాయన మొహం మాడిపోయింది. ఆ సంచిక సంపాదకుడు ఆయనేనని తర్వాత తెలిసింది. అయినా పేరు బ్యాలెట్ మీదికి వెళ్లింది. ఆ సంచిక మాత్రం ఇప్పటికీ వస్తోంది.

ప్రకటనలో ఈసారి సూత్రాలు లేవు, కైచ్లింగ్ లేడు. అయిదు శిక్షణలు జరిగాయని, వాటికి అయిన ఖర్చు ఇంతని, గెలిస్తే వీటిని ఏడాదికి ఎన్నింటికి పెంచొచ్చో, డబ్బు ఏ పద్దులోంచి వస్తుందో రాశాను. డిజైనర్ల క్లబ్బు అన్న మాట తీసేశాను. ఆ కోపం పోలేదు, కానీ పార్కింగ్ కింద గదిని గీసిన ఆ ఇంజనీరే నన్ను బలపరిచిన ఇద్దరిలో ఒకడు. అతని ముందు ఆ మాట ఎలా రాస్తాను?

మా నియమావళి ప్రకారం అభ్యర్థులు సభ్యుల జాబితాకు మూకుమ్మడిగా మెయిళ్లు పంపకూడదు. ఫోన్ చెయ్యొచ్చు. రోజుకు మూడు నాలుగు చొప్పున చేశాను. నాకు ఓటెయ్యండి అని మొదలుపెట్టలేదు. "మీ ఆఫీసు ఓటు ఎవరి పేరు మీద ఉందో ఒక్కసారి చూస్తారా?" అని అడిగాను. ఎన్ని చోట్ల ఉద్యోగం మారిపోయినవాళ్ల పేరు, రిటైరైనవాళ్ల పేరు ఉందో! ఒక చోటైతే ప్రతినిధి తనే అని ఆవిడకే తెలియదు, బ్యాలెట్‌ను ప్రకటన అనుకుని ఏటా చెత్తబుట్టలో వేస్తున్నారు. వాళ్లలో అందరూ నాకే వేశారని అనుకోను. ఒకరిద్దరు ఫోన్‌లోనే చెప్పేశారు, మా ఓటు ఫలానావారికి అని. మంచిది, వెయ్యండి అన్నాను. అంత టెన్షన్‌లోనూ అది మాత్రం నిజంగానే అన్నాను.

ఈసారి కబురు ఆఫీసులో టీ తాగుతుండగా వచ్చింది. ఎన్నికయ్యాను. మూడో స్థానం, నాలుగో మనిషికీ నాకూ తేడా చేతివేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

డైరెక్టర్ కావడం ఒక మెట్టు. అధ్యక్షుడు, ఉపాధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారి పదవులను బోర్డు తనలో తానే ఎన్నుకుంటుంది. ఏడాది గడిచాక నేను ఉపాధ్యక్ష పదవి అడిగాను. అది ఒక ఏడాది పని కాదు. ఉపాధ్యక్షుడు మరుసటి ఏడాది తనంతట తానే అధ్యక్షుడవుతాడు, ఆపై ఏడాది మాజీ హోదాలో బోర్డులోనే ఉంటాడు. మూడేళ్ల కట్టుబాటు. అధ్యక్షురాలు నన్ను పక్కకు పిలిచి సూటిగా చెప్పారు: "మీరు నిలబడితే ఓట్లు చీలతాయి. గెలిచినా గెలవొచ్చు. కానీ మీకు కావాల్సింది ఓటు హక్కు సవరణ కదా? నియమావళి ఉండేది కార్యదర్శి దగ్గర. ఆ కుర్చీ ఖాళీగా ఉంది, ఎవరూ అడగడం లేదు." నన్ను తప్పించడానికే అలా అన్నారేమోనని రెండు రోజులు అనుమానపడ్డాను. ఇప్పటికీ కొంచెం ఉంది. కానీ ఆవిడ చెప్పింది నిజం. కార్యదర్శి పదవికి పోటీ లేకుండా ఎన్నికయ్యాను.

సమావేశాల నియమాల పుస్తకం అప్పుడే చేతికొచ్చింది. రాబర్ట్స్ రూల్స్, చాలా సంఘాలు దాన్నే పాటిస్తాయి. దాన్ని రాసింది లాయరనుకునేవాణ్ణి. కాదు, ఇంజనీరు. హెన్రీ మార్టిన్ రాబర్ట్ అమెరికా సైన్యంలో ఇంజనీరు. 1863లో ఒక చర్చి సమావేశానికి అధ్యక్షత వహించమంటే ఎలా నడపాలో తెలియక నానా అవస్థ పడి, ఆ సిగ్గుతోనే నియమాలు చదవడం మొదలుపెట్టి, 1876లో పుస్తకం తెచ్చాడు. 1900 తుపాను గాల్వెస్టన్ నగరాన్ని ముంచేశాక అక్కడ సముద్రపు గోడ కట్టాలని సూచించిన ముగ్గురు ఇంజనీర్లలో అతనూ ఒకడు. నీళ్లను ఆపినవాడే మాటలకూ గట్టు కట్టాడన్నమాట. నాకెందుకో ఇది తెలిశాక ఆ పుస్తకం భయం పోయింది.

సవరణ ముసాయిదా రాయడానికి ఐదు నెలలు పట్టింది. సంస్థాగత సభ్యత్వంలో ఇప్పుడున్న ఒక ఓటుకు తోడు క్షేత్రసిబ్బంది తమలోంచి ఎంచుకున్న మనిషికి ఇంకో ఓటు. వినడానికి ఇంతే. పెద్ద సంస్థకూ చిన్న సంస్థకూ ఒకటేనా? కంపెనీలకూ వర్తిస్తుందా, వర్తిస్తే వాళ్ల క్షేత్రసిబ్బంది ఎవరు, సేల్స్ వాళ్లా? కాంట్రాక్టు కూలీల మాటేమిటి? కన్సల్టెంట్లు భయపడింది ఇంకొకందుకు, పురపాలక సంస్థల ఓట్లు ఒక్కసారిగా రెట్టింపైతే బోర్డు ఒకవైపు ఒరిగిపోతుందని. మొదట్లో అది సాకు అనుకున్నాను. లెక్క వేసి చూస్తే సాకు కాదు. ముసాయిదా మూడుసార్లు మార్చాం.

నియమావళి సవరణకు ముప్పై రోజుల ముందు నోటీసు, వార్షిక సమావేశంలో కోరం (ఉండాల్సిన కనీస హాజరు), పోలైన ఓట్లలో మూడింట రెండొంతులు కావాలి. నోటీసు నేనే పంపాను. మా మేస్త్రీ ఆ రోజు సమావేశానికి వచ్చాడు, ఓటు లేకుండానే. రెండు నిమిషాలు మాట్లాడనిచ్చారు. గండి దగ్గర రెండు అంగుళాల సంగతే మళ్లీ చెప్పి కూర్చున్నాడు. సగానికి బాగా పైనే మద్దతు వచ్చింది. రెండొంతులు రాలేదు.

బయటికొచ్చాక అతను, "మళ్లీ ఎప్పుడు పెట్టొచ్చండీ?" అని అడిగాడు. వచ్చే వార్షిక సమావేశంలో పెట్టొచ్చన్నాను. "అయితే ఈలోపు కన్సల్టెంట్లతో ఒక రోజు యార్డులో పెడదాం" అన్నాడు. తారీఖు ఇంకా కుదరలేదు, వానాకాలం ముందు లారీలు ఖాళీగా ఉండవు.

ఆ రాత్రి మినిట్స్ రాయాల్సింది నేనే. కార్యదర్శి తన బాధ మినిట్స్‌లో రాయకూడదు. ఏం ప్రతిపాదించారు, ఎవరు బలపరిచారు, ఏం తేలింది, అంతవరకే. "మూడో అంశం: ఓటు హక్కు సవరణ. అవసరమైన మద్దతు లభించనందున తీర్మానం వీగిపోయింది. నాలుగో అంశం: వచ్చే సదస్సుకు హోటల్ ఒప్పందం" అని రాశాను. గదుల సంఖ్య దగ్గర సున్నా ఒకటి తక్కువ పడింది, దిద్దాను.